దూడకూ ఒక పుస్తకం

గేదె ఈనింది. ఇంట్లో పండుగ. వీధిలో అందరికీ జున్ను పంచిపెట్టాలి. పక్కింటావిడ అప్పుడే గిన్నె పట్టుకుని వచ్చింది. "జున్నుపాలు కాసిని పోయవే" అని అడిగింది.

అక్కలారా, చెల్లెళ్లారా! జున్ను అంటే ఇష్టం లేనివాళ్లు ఎవరుంటారు? కానీ ఒక్క మాట ఆలోచించండి. ఆ జున్నుపాలు అసలు ఎవరివి? పక్కింటివాళ్లవా? మనవా? దూడవా?

దూడవే. ముందు దూడకు. దూడ కడుపు నిండాక మిగిలితేనే జున్నుకు.

ఈ మాట ఎందుకు చెబుతున్నామో ఈ పాఠంలో చదువుదాం. దూడను ఎలా బతికించుకోవాలి, ఎలా పెంచాలి, పెంచిన లెక్క ఎలా రాసుకోవాలి - ఇవన్నీ తెలుసుకుందాం.

దూడ పోతే ఏం పోతుంది?

ఒక ఊళ్లో ఒక కోడలు ఉంది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని గేదెను కొన్నది. గేదె ఈనింది. పెయ్యదూడ పుట్టింది. మావి పడేదాకా దూడకు పాలు తాగించకూడదని ఎవరో అన్నారు. సరే అని ఆగింది. సాయంత్రం ఈనిన గేదెకు మావి తెల్లవారాక పడింది. అంతదాకా దూడ ఆకలితోనే ఉంది. మూడో రోజున దూడకు తెల్లగా, నీళ్లలాగా విరేచనాలు పట్టుకున్నాయి. ఐదో రోజున దూడ చచ్చిపోయింది.

దూడతోపాటు ఇంకా ఏం పోయింది?

దూడ లేక గేదె చేపలేదు. పొదుగు నిండా పాలున్నా వదలలేదు. కాలితో తన్నింది. పాలకేంద్రానికి పోసే పాలు సగానికి పడిపోయాయి. సంఘానికి కట్టాల్సిన కిస్తీ మాత్రం తగ్గలేదు. పెయ్యదూడ బతికి ఉంటే మూడు నాలుగేళ్లలో ఇంట్లో ఇంకో పాడిగేదె అయ్యేది. అదీ పోయింది.

చూశారా! పోయింది దూడ ఒక్కటే కాదు. ఈ ఏటి పాలు పోయాయి. రేపటి గేదె పోయింది.

మరుసటి ఈతకు ఆ కోడలు రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. పశువుల డాక్టరును అడిగి అన్నీ తెలుసుకుంది. ఒక నోటు పుస్తకం కొని, పైన "దూడ పుస్తకం" అని రాసింది. ఆ పుస్తకం ఏం మేలు చేసిందో తర్వాత చెబుతాం. ముందు దూడ సంగతులు చూద్దాం.

పుట్టిన గంటలో చేయవలసిన పనులు

దూడ నేలమీద పడగానే ముక్కులో, నోట్లో ఉన్న జిగురును శుభ్రమైన గుడ్డతో తుడవాలి. అప్పుడే ఊపిరి బాగా ఆడుతుంది. తల్లిని దూడను నాకనివ్వాలి. తల్లి నాకకపోతే ఎండుగడ్డితో గాని, పొడిగుడ్డతో గాని ఒళ్లంతా రుద్దాలి.

తర్వాత బొడ్డు. బొడ్డు తెరిచి ఉన్న తలుపు లాంటిది. పేడలో, మట్టిలో ఉన్న క్రిములు అందులోంచే లోపలికి పోతాయి. బొడ్డు వాస్తుంది. చీము పడుతుంది. ఒక్కోసారి కీళ్లు కూడా వాచి దూడ లేవలేకపోతుంది. అందుకని ఇలా చేయాలి:

చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పొట్టకు రెండు వేళ్ల కింద శుభ్రమైన దారంతో బొడ్డును గట్టిగా కట్టాలి.

ఆ ముడికి కింద కొత్త బ్లేడుతో కోయాలి. కొడవలితో కోయకూడదు.

కోసిన చోట టింక్చర్ అయోడిన్ బాగా తగిలేలా అద్దాలి. బొడ్డు ఎండేదాకా రెండు మూడు రోజులు అద్దుతూ ఉండాలి.

బొడ్డుకు పేడ, బూడిద పూయకూడదు. మన పిల్లలకు ఏ జాగ్రత్త తీసుకుంటామో దూడకూ అదే జాగ్రత్త.

ముర్రుపాలే మొదటి మందు

ఈనిన తర్వాత మొదట వచ్చే చిక్కటి పసుపుపచ్చ పాలను ముర్రుపాలు అంటాం. కొందరు జున్నుపాలు అంటారు. రోగాలను తట్టుకునే శక్తి ఈ పాలలో ఉంది.

మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆ శక్తి కొంత అందుతుంది. దూడకు అలా అందదు. కడుపులో ఉండగా ఏమీ అందదు. పుట్టాక తాగే ముర్రుపాల వల్లనే అందుతుంది. ముర్రుపాలు తాగని దూడ వానలో గొడుగు లేని మనిషి లాంటిది.

ఇంకో సంగతి. దూడ పేగులు ఈ శక్తిని ఎప్పుడూ ఒకేలా తీసుకోవు. పుట్టిన మొదటి గంటల్లో బాగా తీసుకుంటాయి. గంట గంటకూ తగ్గిపోతుంది. ఒక రోజు దాటాక దాదాపు తీసుకోవు. అందుకే మావి పడేదాకా ఆగడం తప్పు. మావికీ దూడ పాలకూ సంబంధం లేదు. పైగా దూడ చీకుతూ ఉంటే మావి తొందరగా పడడానికి సాయమవుతుంది.

పుట్టిన అరగంటలోనే, ఎంత ఆలస్యమైనా గంటలోపు, మొదటిసారి తాగించాలి. దూడ లేవలేకపోతే పట్టుకుని పొదుగు దగ్గరికి చేర్చాలి. ముందు పొదుగును గోరువెచ్చని నీళ్లతో కడగాలి. మొదటి రోజున దూడ బరువులో పదో వంతు పాలు తాగాలి. 30 కిలోల దూడ అయితే 3 లీటర్లు. ఒక్కసారే కాదు, మూడు నాలుగు సార్లుగా తాగించాలి. ఇలా మూడు నాలుగు రోజులు ముర్రుపాలు తాగాలి.

దూడకు చాలినన్ని అందాక మిగిలితే జున్ను వండుకోండి. పక్కింటావిడకూ పెట్టండి. తప్పు లేదు.

ఎన్ని పాలు వదలాలి?

దీనికి ఒక లెక్క ఉంది.

మొదటి నెల: బరువులో 10వ వంతు. 30 కిలోల దూడకు 3 లీటర్లు.

రెండో నెల: బరువులో 15వ వంతు. 45 కిలోల దూడకు 3 లీటర్లు.

మూడో నెల: బరువులో 20వ వంతు. 60 కిలోల దూడకు 3 లీటర్లు.

చూశారా, దూడ పెరుగుతున్నా పాలు పెంచనక్కరలేదు. ఎందుకంటే ఆ పాటికి దూడ గడ్డి, దాణా తినడం నేర్చుకుంటుంది. రెండో వారం నుంచే లేత పచ్చిగడ్డి, కాస్త దాణా ముందు పెట్టాలి. మొదట వాసన చూసి వదిలేస్తుంది. తర్వాత నాకుతుంది. తర్వాత తింటుంది. అలా తింటేనే దూడ కడుపు గడ్డిని అరిగించుకునేలా తయారవుతుంది. మూడు నెలలు దాటాక పాలు కొద్దికొద్దిగా తగ్గించవచ్చు. మంచినీళ్లు మాత్రం మొదటి నుంచీ అందుబాటులో ఉండాలి.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. 10 కిలోల దాణాకు:

మొక్కజొన్న నూక 5 కిలోలు

వేరుశనగ చెక్క 3 కిలోలు

తవుడు 1 కిలో 700 గ్రాములు

ఖనిజ లవణాల పొడి 200 గ్రాములు

ఉప్పు 100 గ్రాములు

చెక్కకు గాని, మొక్కజొన్నకు గాని బూజు పడితే వాడకండి. బూజులో విషం ఉంటుంది. ఆ విషం దూడ కాలేయాన్ని పాడు చేస్తుంది. పాడిగేదె తింటే ఆ విషం పాలలోకి వస్తుంది. ఆ పాలు మన పిల్లలు తాగుతారు.

కడుపులో పాములు

గేదెదూడలకు పెద్ద శత్రువు ఏలికపాములు. ఇవి మట్టిలో నుంచే కాదు, తల్లిపాల ద్వారా కూడా దూడలోకి పోతాయి. అందుకే పది రోజుల దూడకు కూడా పాములు ఉండవచ్చు.

పాములున్న దూడను చూస్తే తెలుస్తుంది. కడుపు కుండలాగా ఉంటుంది. ఒళ్లు మాత్రం ఎండిపోతుంది. వెంట్రుకలు బిరుసెక్కుతాయి. మట్టి నాకుతుంది. పేడ బురద రంగులో కంపు కొడుతుంది.

పుట్టిన 10 రోజుల నుంచి 15 రోజుల లోపు మొదటిసారి నట్టల మందు తాగించాలి. తర్వాత 6 నెలల వరకు నెలకొకసారి. ఆ తర్వాత ఏడాది నిండేదాకా 3 నెలలకొకసారి. మందు ఎంత పోయాలన్నది దూడ బరువును బట్టి ఉంటుంది. తక్కువైతే పాములు చావవు. ఎక్కువైతే దూడకు ముప్పు. డాక్టరును అడిగే పోయాలి.

విరేచనాలు పట్టుకుంటే

విరేచనాలయ్యే దూడ ఒంట్లో నీరు పోతుంది, ఉప్పు పోతుంది. కళ్లు లోపలికి పోతాయి. మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోదు. అలా కనబడితే ప్రమాదం అన్నమాట.

పిల్లలకు చేసినట్టే చేయాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా రోజంతా తాగించాలి. పాలు పూర్తిగా మాన్పించకూడదు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వాలి. వెంటనే డాక్టరుకు చెప్పాలి. డాక్టరు దూరమైతే 1962 నంబరుకు ఫోను చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల కోసం ఈ నంబరు ఉంది.

దూడ ఉండే చోటు పొడిగా ఉండాలి. కింద ఎండుగడ్డి వేయాలి. తడిసిన గడ్డి రోజూ తీసేయాలి. పొట్టి తాడుతో రోజంతా గుంజకు కట్టేయకూడదు. దూడ గెంతాలి. గెంతే దూడే ఆకలిగా తింటుంది.

టీకాలు

గాలికుంటు టీకా 4వ నెలలో మొదటిసారి, నెల తర్వాత ఇంకోసారి. తర్వాత 6 నెలలకొకసారి.

గొంతువాపు, జబ్బవాపు టీకాలు 6 నెలలు నిండాక. తర్వాత ఏటా తొలకరికి ముందు.

బ్రూసెల్లా టీకా పెయ్యదూడలకు మాత్రమే. 4 నెలల నుంచి 8 నెలల లోపు వేయించాలి. జీవితంలో ఒక్కసారే. బ్రూసెల్లా వస్తే గేదె ఈచుకుపోతుంది. ఆ రోగం మనుషులకూ అంటుకుంటుంది. కాబట్టి ఈచుకుపోయిన పశువు మావిని ఒట్టి చేతులతో ముట్టకండి.

గాలికుంటు, బ్రూసెల్లా టీకాలను దేశమంతటా ప్రభుత్వం ఉచితంగా వేసే కార్యక్రమం 2019లో మొదలైంది. టీకా వేసిన పశువు చెవికి 12 అంకెల బిళ్ల వేస్తారు. ఆ 12 అంకెలూ మీ పుస్తకంలో రాసుకోండి.

పుస్తకం పట్టిచ్చిన దొంగ

ఇప్పుడు ఆ కోడలి సంగతికి వద్దాం.

రెండో ఈతలో ఆమె అన్నీ జాగ్రత్తగా చేసింది. దూడ పుట్టిన తేదీ రాసింది. నట్టల మందు పోసిన తేదీ రాసింది. నెలకొకసారి దూడను దర్జీ టేపుతో కొలిచి బరువు రాసింది.

టేపుతో బరువు ఎలా తెలుస్తుంది? చాలా సులువు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ ఎన్ని అంగుళాలో కొలవాలి. భుజం ముందు ఎముక నుంచి తోక పక్క ఎముక దాకా పొడవు కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చవేయాలి. వచ్చినదాన్ని పొడవుతో హెచ్చవేయాలి. దాన్ని 660తో భాగించాలి. వచ్చిందే కిలోల్లో బరువు. ఇది ఉజ్జాయింపు లెక్క. అయినా దూడ పెరుగుతోందో లేదో చెప్పడానికి చాలు.

బాగా మేపిన దూడ రోజుకు 400 నుంచి 500 గ్రాములు పెరుగుతుంది. అంటే నెలకు 12 నుంచి 15 కిలోలు.

కోడలి దూడ నెలకు 43 కిలోలు ఉంది. బాగానే ఉంది. రెండు నెలలకు మళ్లీ కొలిచింది. చుట్టుకొలత 33 అంగుళాలు, పొడవు 28 అంగుళాలు.

33 × 33 = 1,089

1,089 × 28 = 30,492

30,492 ÷ 660 = 46

నెల రోజుల్లో 3 కిలోలే పెరిగింది! ఏమైంది? పాములా? పుస్తకం తీసి చూసింది. నట్టల మందు రెండుసార్లూ తేదీ ప్రకారం పోసింది. విరేచనాలా? ఆ నెలలో ఒక్కరోజూ రాయలేదు. దాణా తింటోంది. మరి మిగిలింది ఒక్కటే, పాలు.

పొద్దున పాలు పితికేది అత్తగారు. కోడలు మెల్లగా అడిగింది.

"అత్తయ్యా, దూడకు ఒక చన్ను వదులుతున్నారా?"

"మొదట్లో వదిలేదాన్నే అమ్మాయ్. కిస్తీ దగ్గరపడింది కదా. కేంద్రానికి ఓ లీటరు ఎక్కువ పోస్తే మంచిదని అదీ పితికేస్తున్నా. దూడ గడ్డి తింటోందిగా!"

కోడలు కోపం తెచ్చుకోలేదు. పుస్తకం తెచ్చి చూపించింది. "చూడండి అత్తయ్యా. కిందటి నెల 43. ఈ నెల 46. పెరగాల్సింది పన్నెండు, పెరిగింది మూడు. ఇలా అయితే ఇది ఎదకు రావడానికి నాలుగేళ్లు పడుతుంది. ఇప్పుడు కడుపునిండా పాలిస్తే రెండున్నరేళ్లకే వస్తుంది. లీటరు పాల కోసం ఏడాదిన్నర పాడి పోగొట్టుకుందామా?"

అత్తగారికి చదువు రాదు. కానీ పక్కపక్కన ఉన్న రెండు అంకెలను చాలాసేపు చూసింది. పోయిన దూడ గుర్తుకొచ్చినట్టుంది. "రేపటి నుంచి ఆ చన్ను దానిదే" అంది.

మూడో నెల చివర కొలిస్తే 58 కిలోలు.

చూశారా అక్కా! పాలు తీసుకున్నది ఇంటి మనిషే. దురాశతో కాదు, అప్పు భయంతో. ఎవరినీ తిట్టకుండా, ఎవరితో పోట్లాడకుండా పుస్తకం నిజం చెప్పింది.

మందు వేస్తే తేదీ రాయండి

డాక్టరు ఇంజక్షను చేస్తే మందు పేరు, తేదీ రాయించుకోండి. కొన్ని మందులు కొన్నాళ్లదాకా పశువు ఒంట్లో, పాలలో ఉంటాయి. "డాక్టరుగారూ, పాలు ఎన్నాళ్లు వాడకూడదు?" అని అడగండి. ఆ తేదీ కూడా రాయండి. అంతదాకా ఆ పాలు అమ్మకూడదు, తాగకూడదు.

మనమే కాదు, దూరదేశాల్లోనూ ఇలా రాస్తారు. అమెరికాలో, ఐరోపాలో పాల పశువులకు పుట్టిన మగదూడలను చాలామంది మాంసం కోసం పెంచుతారు. దూడకు ఏ మందు ఎప్పుడు ఇచ్చారో అక్కడ రాసిపెట్టాలి. మందు ఒంట్లోంచి పోయేదాకా ఆ దూడను అమ్మకూడదు. పూర్వం అక్కడ దూడ తిరగడానికైనా వీల్లేని ఇరుకు పెట్టెల్లో పెంచేవారు. అది క్రూరమని జనం అడిగారు. బ్రిటన్ 1990లో ఆ పెట్టెలను నిషేధించింది. ఐరోపా సమాఖ్యలో 8 వారాలు దాటిన దూడలను అలా పెంచడం 2007 జనవరి 1 నుంచి ఆగింది. దూడను ఎందుకు పెంచినా సరే, బతికినన్నాళ్లు దానికి కడుపునిండా తిండి, కదలడానికి చోటు ఉండాలని అక్కడివాళ్లు గ్రహించారు.

మరి మన దున్నదూడల మాటేమిటి? పెయ్య పుడితే సంతోషం. దున్నదూడ పుడితే మొహం ముడుచుకుంటాం. పాలు వదలం. నెల తిరగకుండానే అది ఎండి చచ్చిపోతుంది. ఆకలితో చంపడం పాపం. నష్టం కూడా. ఆ దూడ ఉంటేనే తల్లి చేపుతుంది. పెంచితే రేపు దాని బరువును బట్టి ధర వస్తుంది. దూడ చచ్చాక చేపడానికి కొందరు గేదెకు ఇంజక్షన్లు పొడుస్తారు. అలా పొడవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. గేదెకూ మంచిది కాదు. దూడను బతికించుకోవడమే మేలు.

మీ దూడ పుస్తకంలో ఇలా రాయండి

తల్లి పేరు: నల్లగేదె

దూడ పుట్టిన తేదీ: జూలై 5. పెయ్య.

ముర్రుపాలు తాగిన వేళ: పుట్టిన అరగంటకు

బొడ్డుకు అయోడిన్: జూలై 5, 6, 7

నట్టల మందు: జూలై 17, ఆగస్టు 17, సెప్టెంబరు 17

బరువు: ఆగస్టు 5, సెప్టెంబరు 5, అక్టోబరు 5

గాలికుంటు టీకా: నవంబరు 5, డిసెంబరు 5

బ్రూసెల్లా టీకా: నవంబరు 5 తర్వాత, మార్చి 5 లోపు

చెవి బిళ్ల అంకెలు: ............

పుస్తకం పెద్దది కానక్కరలేదు. పిల్లల పాత నోటు పుస్తకంలో మిగిలిన కాగితాలు చాలు. కొట్టంలో తడవని చోట వేలాడదీయండి. పెన్సిలు దానికే దారంతో కట్టండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లో ఇంకెవరైనా చూసి మందు పోయగలరు.

మీరు కష్టపడి అక్షరాలు నేర్చుకున్నారు. సంతకం పెట్టడానికే కాదు, వాటిని మీ కొట్టంలోకి కూడా తీసుకెళ్లండి.

చెప్పండి, రాయండి

1. మావి పడేదాకా దూడకు పాలు ఆపవచ్చా? ఎందుకు?

2. 30 కిలోల దూడకు మొదటి నెలలో రోజుకు ఎన్ని లీటర్ల పాలు కావాలి?

3. కోడలి దూడ పెరగకపోవడానికి పాములు కారణం కాదని ఎలా తెలిసింది?

4. మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని ఉన్న దూడను టేపుతో కొలవండి. బరువు లెక్క కట్టి ఇక్కడ రాయండి: ............